హాజరీ వేరు, క్రమశిక్షణ వేరు

గిరిజన పిలకాయలు ఆడే గ్రౌండ్ దగ్గర నిలబడితే రెండు మాటలు తప్పకుండా వినపడతాయి. ఒకటి, "వీళ్లకి ఆట పుట్టుకతోనే వచ్చేస్తుంది సార్." రెండోది, "ఆట ఉంది గానీ డిసిప్లిన్ లేదు సార్."

మొదటిది పొగడ్తలాగా, రెండోది తిట్టులాగా ఉంటుంది. కానీ రెండూ కలిసి చేసే పని ఒకటే. ఆట పుట్టుకతో వచ్చేస్తే ఇక నేర్పే పని లేదు. డిసిప్లిన్ రక్తంలోనే లేదంటే నేర్పినా లాభం లేదు. పొగడ్తతో సగం బాధ్యత దులుపుకుంటారు, తిట్టుతో మిగతా సగం దులుపుకుంటారు. చివరికి పిలకాయలు వచ్చినట్టే ఇంటికి పోతారు.

నెల్లూరు తీరంలో గిరిజన గురుకులంలోగానీ, హాస్టల్లోగానీ, మామూలు హైస్కూల్లోగానీ చెదిరిపోయిన హాకీ జట్టును మళ్లీ నిలబెట్టాలని ఎవరైనా పూనుకుంటే, మొదటి రోజే ఈ వాదన వస్తుంది. ముందు స్టిక్ పని నేర్పాలా, ముందు లైన్లో నిలబడడం నేర్పాలా? పీఈటీ సార్లు ఒక పక్క, ఆటగాళ్లు ఒక పక్క, మన సంఘం వాళ్లు ఇంకో పక్క. ఈ ప్రశ్నను ఇట్టా రెండు ముక్కలు చేసి అడగడమే తప్పని చెప్పడానికే ఈ వ్యాసం.

ఈ మాట మన తీరానికి కొత్త కాదు

క్రమశిక్షణ అనే మాటకి మన జిల్లాలో ఒక చరిత్ర ఉంది. అది తెలుసుకోకుండా యానాది, ఎరుకల పిలకాయల ముందు ఆ మాట వాడకూడదు.

1871లో బ్రిటిష్ వాళ్లు నేరస్థ తెగల చట్టం తెచ్చారు. 1911లో దాన్ని మద్రాసు రాష్ట్రానికి కూడా వర్తింపజేశారు. మన ప్రాంతంలో ఎరుకల, యానాది కుటుంబాల మీద ఆ ముద్ర పడింది. కావలిలో అమెరికన్ బాప్టిస్ట్ మిషన్ చేతిలో సెటిల్‌మెంట్ నడిచింది. బిట్రగుంట దగ్గర కప్పరాళ్లతిప్పలో ఇంకొక సెటిల్‌మెంట్ ఉండేది. సెటిల్‌మెంట్ అంటే ఏంది? హాజరీ. పేరు పిలిస్తే పలకాలి. ఊరు దాటాలంటే పాస్ కావాలి. ఏ నేరమూ చేయకపోయినా, ఫలానా కడుపున పుట్టినందుకే నిఘా. దీన్నంతా వాళ్లు సంస్కరణ అన్నారు, మనుషులకు క్రమశిక్షణ నేర్పుతున్నామన్నారు.

నెల్లూరు కేంద్రంగా యానాదుల మధ్య పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారి లాంటి వాళ్లు ఈ చట్టం పోవాలని ఏళ్ల తరబడి కొట్లాడారు. మద్రాసు రాష్ట్రంలో అది 1947లో రద్దయింది. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది. అందుకే ఆ రోజును విముక్త జాతుల దినంగా జరుపుకుంటున్నాం.

చట్టం పోయింది. అలవాటు పోయిందా? గ్రౌండ్లో ఒక బంతి కనపడకపోతే మొదట ఎవరి సంచి వెతుకుతారో మనందరికీ తెలుసు. ప్రాక్టీస్‌కి పది నిమిషాలు ఆలస్యమైతే వేరే పిలకాయని "ఏం రా, బస్సు దొరకలేదా" అని అడుగుతారు. మన పిలకాయనైతే "మీ జాతే ఇంత" అంటారు. ఇది క్రమశిక్షణ నేర్పడం కాదు, హాజరీ తీసుకోవడం. హాజరీ మనిషి ఒళ్లు అక్కడ ఉందా లేదా అని మాత్రమే చూస్తుంది. వాడు ఏం నేర్చుకున్నాడో దానికి అక్కర్లేదు.

అందుకే మన వాళ్లలో కొందరికి డిసిప్లిన్ అనే మాట వింటేనే ఒళ్లు మండుతుంది. ఆ మంటలో న్యాయం ఉంది. కానీ ఆ మంటతో క్రమశిక్షణ మొత్తాన్నే వద్దనుకుంటే నష్టపోయేది మళ్లీ మన పిలకాయలే. ఎందుకంటే హాకీ అనే ఆట దాన్ని ఒప్పుకోదు.

ఆట ఏం చెప్తుంది

హాకీలో తప్పుకి లెక్క వెంటనే తేలుతుంది. అంపైర్ గ్రీన్ కార్డు చూపిస్తే 2 నిమిషాలు బయట కూర్చోవాలి. ఎల్లో కార్డైతే కనీసం 5 నిమిషాలు. రెడ్ కార్డైతే ఇక ఆ మ్యాచ్‌లోకి రావడం లేదు. ఆ సేపంతా జట్టు ఒక మనిషి తక్కువతో ఆడాలి. అంటే ఒకడి తప్పుకి మిగతా పది మంది పరిగెత్తాలి.

2024 ఆగస్టు 4న పారిస్ ఒలింపిక్స్ క్వార్టర్ ఫైనల్ గుర్తుందా? బ్రిటన్ మీద మ్యాచ్. 17వ నిమిషంలో అమిత్ రోహిదాస్‌కి రెడ్ కార్డు. ఒడిశా సుందర్‌గఢ్ జిల్లా సౌనామారా ఊరి ఆదివాసీ బిడ్డ, మన డిఫెన్స్‌కి గోడ లాంటివాడు. స్టిక్ ప్రత్యర్థి తలకి తగిలిందని బయటికి పంపారు. కావాలని కొట్టాడా లేదా అన్నది ఇప్పటికీ చర్చే. ఏమైనా, మిగతా 40 నిమిషాలకు పైగా పది మందే ఆడారు. 1-1 దగ్గర ఆపి, షూటౌట్‌లో 4-2తో గెలిచారు. కానీ కథ అక్కడ అయిపోలేదు. సస్పెన్షన్ వల్ల రోహిదాస్ సెమీఫైనల్ ఆడలేకపోయాడు. జర్మనీ మీద 2-3తో ఓడిపోయాం. ఆ తర్వాత స్పెయిన్ మీద గెలిచి కాంస్యం తెచ్చుకున్నాం.

ఈ ఒక్క మ్యాచ్‌లోనే రెండు సంగతులూ ఉన్నాయి. ఒక క్షణంలో స్టిక్ అదుపు తప్పితే జట్టు ఎంత ఖరీదు కట్టాలో ఉంది. మనిషి తగ్గినా ఎవరి చోటులో వాళ్లు నిలబడితే ఎంత పెద్ద జట్టునైనా ఆపొచ్చనీ ఉంది. ఆ పది మందిని ఆ రోజు నిలబెట్టింది క్రమశిక్షణా, నైపుణ్యమా? విడదీసి చెప్పగలరా?

మన గ్రౌండ్లో చూడండి. పిలకాయ ట్యాకిల్‌కి పోతాడు. స్టిక్ అర క్షణం ఆలస్యంగా పడుతుంది. బంతికి బదులు ఎదుటివాడి కాలికి తగులుతుంది. కార్డు వస్తుంది. కోచ్ "రౌడీ నా కొడకా" అంటాడు. అసలు సంగతేంది? వాడికి కాళ్ల పని ఎవరూ నేర్పలేదు. ఎదుటివాడు ఎటు తిరుగుతాడో చూసి, ముందుగానే పక్కకి జరిగి, వంగి, స్టిక్‌ని నేలకి ఆనించి ఎట్టా ఆగాలో చూపించలేదు. మనం క్రమశిక్షణ తప్పు అనుకునే వాటిలో చాలా వరకు నైపుణ్యం లోపాలే.

తిరగేసి చూసినా అంతే. పెనాల్టీ కార్నర్ వస్తే గోల్ కీపర్‌తో కలిపి అయిదుగురు గోల్ లైన్ వెనక నిలబడతారు. బంతి కదలగానే ఒకడు నేరుగా కొట్టేవాడి మీదికి పరిగెత్తాలి. ఒకడు పోస్ట్ పట్టుకోవాలి. మొదట పరిగెత్తేవాడు ఉత్సాహం కొద్దీ రెండడుగులు దారి మార్చాడనుకోండి, తన గోల్ కీపర్‌కే బంతి కనపడకుండా అడ్డం వస్తాడు. వాడు ఎంత చురుకైనవాడైనా గోల్ పడుతుంది. "ఇంత బాగా ఆడి ఎట్టా ఓడిపోయాం" అని మనం తల పట్టుకునే చోట చాలాసార్లు ఉండేది ఇదే.

కాబట్టి స్టిక్ పని, జట్టు పద్ధతి రెండు పీరియడ్లు కావు. ఒకే గంటలో, ఒకే బంతితో నేర్పాల్సినవి.

పుట్టుకతో వచ్చిందన్న అబద్ధం

కాలవలో నీళ్లలోకి దిగి చేతులతో తడిమి రొయ్యలు పట్టే అమ్మల బిడ్డలు మన పిలకాయలు. నేల మీద చూపు, చేతుల్లో చురుకు ఉంటుంది, నిజమే. కానీ ఆ అమ్మకి కూడా ఆ పని పుట్టుకతో రాలేదు. వాళ్లమ్మ పక్కన నడిచి నేర్చుకుంది. ఎక్కడ అడుగు వెయ్యాలి, ఎప్పుడు కదలకూడదు, పోటు ఎప్పుడు వస్తుంది అని ఏళ్ల తరబడి నేర్చుకుంది. అది చదువు. దాన్ని రక్తం అని పిలిస్తే ఆ చదువుని అవమానించినట్టే.

హాకీ కూడా అంతే. స్టిక్‌కి ఒక వైపే చదును ఉంటుంది, ఆ వైపుతోనే బంతి ఆడాలి. ఎడమ చెయ్యి పైన పట్టు, తిప్పేది అదే. కుడి చెయ్యి కింద వదులుగా ఉండాలి. ఈ ఒక్క సంగతి వంటబట్టడానికే నెలలు పడుతుంది. మన గ్రౌండ్లలో గులకరాళ్ల మీద బంతి ఎటు లేస్తుందో తెలియదు. 1976 మాంట్రియల్ నుంచి ఒలింపిక్స్ హాకీ కృత్రిమ టర్ఫ్ మీదికి పోయింది. మట్టి మీద నేర్చుకున్న పిలకాయని ఒక రోజు టర్ఫ్ మీద దింపి, "స్పీడ్ లేదు" అంటే అది వాడి తప్పా?

సుందర్‌గఢ్ వైపు చూసి కొందరు "అక్కడి ఆదివాసీలకి హాకీ రక్తంలో ఉంది" అంటారు. రక్తంలో కాదబ్బా, ఊళ్లో ఉంది. అక్కడ మేకపోతు పందెంగా పెట్టి ఊరూరా పోటీలు ఆడతారు. ఓడినా గెలిచినా మళ్లీ వారం ఆట ఉంటుంది. 1985లో రూర్కెలా దగ్గర పాన్‌పోష్‌లో స్పోర్ట్స్ హాస్టల్ పెట్టారు. ఆ జిల్లా నుంచి దిలీప్ తిర్కీ వచ్చాడు. మూడు ఒలింపిక్స్ ఆడి, దేశానికి కెప్టెన్ అయ్యాడు, 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడయ్యాడు. ఆ జిల్లా నుంచే దీప్ గ్రేస్ ఎక్కా, లిలిమా మింజ్, సునీతా లక్రా వచ్చారు. పక్కన జార్ఖండ్ సిమ్‌డేగా జిల్లా నుంచి సలీమా టేటే వచ్చి 2024లో భారత మహిళల జట్టుకి కెప్టెన్ అయింది. ఆట ఆడే ఊరు, అన్నం పెట్టే హాస్టల్, నేర్పే మనిషి, ఏళ్ల తరబడి ఓపిక. వీటిని రక్తం అనకండి, ఏర్పాటు అనండి. ఏర్పాటైతే మనమూ అడగొచ్చు.

అంత దూరం ఎందుకు? మన పక్క ఉమ్మడి చిత్తూరు జిల్లా ఎర్రావారిపాలెం మండలం పల్లెటూరి నుంచి ఎతిమరపు రజని భారత జట్టు గోల్ కీపర్‌గా ఎదిగింది. హాకీ మన నేలకి పడని ఆట ఏమీ కాదు.

భారత పురుషుల జట్టే మళ్లీ లేవడానికి ఎంత కాలం పట్టిందో చూడండి. 2008లో ఒలింపిక్స్‌కి అర్హతే రాలేదు. 2012 లండన్‌లో పన్నెండు జట్లలో పన్నెండో స్థానం. 2021లో టోక్యోలో కాంస్యం, 41 ఏళ్ల తర్వాత మొదటి పతకం. ఆఖరి స్థానం నుంచి పతకానికి రావడానికి దేశం మొత్తానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఒక గిరిజన స్కూలు జట్టు ఒక్క సీజన్లో గెలవలేదని స్టిక్కులు స్టోర్ రూమ్‌లో పడేసే వాళ్లు ఈ లెక్క ఒకసారి చూడాలి.

జైపాల్ సింగ్ దగ్గర నేర్చుకోవాల్సింది

1928 ఆమ్‌స్టర్‌డామ్‌లో భారతదేశం మొదటి హాకీ స్వర్ణం గెలిచింది. అయిదు మ్యాచ్‌లు, 29 గోల్స్ కొట్టారు, ఒక్కటి కూడా పడనివ్వలేదు. ఆ జట్టు కెప్టెన్ మన జైపాల్ సింగ్ ముండా. ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకుంటూ ఐసీఎస్ శిక్షణలో ఉన్న ఆదివాసీ యువకుడు. ఒలింపిక్స్‌కి పోవడానికి సెలవు ఇవ్వలేదు. ఆయన పోయాడు. తిరిగొచ్చాక ఇంకో ఏడాది శిక్షణ అదనంగా చెయ్యమన్నారు. ఆయన ఐసీఎస్‌నే వదిలేశాడు. జట్టు పెద్దలతో విభేదాల వల్ల ఫైనల్ కూడా ఆడలేదు.

ఇప్పుడు చెప్పండి, ఆయనకి క్రమశిక్షణ ఉన్నట్టా లేనట్టా? తెల్లదొర లెక్కలో లేదు. కానీ అదే మనిషి 1939 నుంచి ఆదివాసీ మహాసభను నడిపాడు. రాజ్యాంగ సభలో కూర్చుని, ఆదివాసీల తరఫున పట్టు వదలకుండా మాట్లాడాడు. క్రమశిక్షణ లేని మనిషి అంత పని చెయ్యగలడా? ఆయన వద్దన్నది హాజరీని. తను ఎంచుకున్న పనికి కట్టుబడడాన్ని ఎన్నడూ వద్దనలేదు. ఈ తేడా మన పిలకాయలకి అర్థమయ్యేట్టు చెప్పగలిగితే సగం కోచింగ్ అయిపోయినట్టే.

రాని పిలకాయ ఎందుకు రాలేదు

మన జట్లలో పెద్ద తగాదా హాజరు దగ్గరే వస్తుంది. "పది రోజులు వస్తాడు, ఇరవై రోజులు మాయం. ఇట్టా అయితే జట్టు ఎట్టా కట్టేది?" అని సార్లు అడుగుతారు. ప్రశ్న సరైందే. జవాబు మాత్రం పిలకాయ వీపు మీద వెతకొద్దు.

అమ్మా నాన్నా రొయ్యల గుంట కాపలాకి పోతే బిడ్డలూ పోతారు. ఇటుక బట్టీకి, జామాయిల్ కొట్టడానికి, బాతుల వెంట పోయినా అంతే. అడ్వాన్స్ తీసుకున్న కుటుంబం ఎక్కడ ఉండాలో వాళ్ల చేతిలో ఉండదు. వెట్టి చాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది, అయినా మన వాళ్ల బతుకులో అప్పు ఇంకా తాడులాగే ఉంది. ఈ పిలకాయ ప్రాక్టీస్‌కి రాకపోతే అది వాడి బద్ధకం కాదు. వాడిని జట్టులోంచి తీసేస్తే శిక్ష పడేది వాడికి, తప్పు చేసింది అప్పిచ్చినవాడు.

అట్టని రాని వాడినీ వచ్చిన వాడినీ ఒకే మాదిరి చూస్తే, రోజూ నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చే పిలకాయకి అన్యాయం. ఇక్కడ దయ ఒక్కటే చాలదు, పద్ధతి కావాలి. రాలేని రోజుని, రాని రోజుని వేరుగా రాసుకోవాలి. పనికి పోయిన పిలకాయ తిరిగొస్తే జట్టులో చోటు ఉంటుంది. కానీ మ్యాచ్‌లో మొదటి పదకొండులో చోటు ప్రాక్టీస్ చేసిన వాడిది. ఈ రెండు మాటలూ ముందే, అందరి ముందే చెప్పాలి. పిలకాయలకి కఠినమైన నియమం కష్టం కాదు. మనిషిని బట్టి మారే నియమమే కష్టం.

ఏం చెయ్యాలి

జట్టుని కొత్తగా కట్టే కోచ్‌లకి, పీఈటీ సార్లకి, మేడమ్‌లకి కొన్ని మాటలు.

ఒకటి. మొదటి మూడు నెలలు గెలుపు లెక్క పెట్టొద్దు. గంట ప్రాక్టీస్‌లో ఎక్కువ భాగం బంతి పిలకాయ స్టిక్ దగ్గరే ఉండాలి. ముప్పై మందిని లైన్లో నిలబెట్టి ఒక్కొక్కరికి ఒక్కో హిట్ ఇస్తే అది హాకీ కాదు, రేషన్ షాపు. నలుగురు నలుగురిని విడగొట్టి చిన్న చోట్లో ఆడించండి.

రెండు. నియమాలు మూడో నాలుగో చాలు, అవీ ఆటలోంచే పుట్టాలి. స్టిక్ నడుము పైకి లేపి మనుషుల మధ్య తిప్పకూడదు. అంపైర్ విజిల్ వేస్తే బంతి వదిలెయ్యాలి. తప్పు చేసిన తోటివాడిని గ్రౌండ్లో తిట్టకూడదు. ఈ నియమాలు పిలకాయలతోనే చెప్పించి, వాళ్లతోనే రాయించండి. జుట్టు కత్తిరింపు, సార్ ఇంటి పని, సార్ బండి కడగడం క్రమశిక్షణలోకి రావు.

మూడు. శిక్ష కూడా నేర్పేదై ఉండాలి. ట్యాకిల్ తప్పు చేసినవాడితో పది సార్లు సరైన ట్యాకిల్ చేయించండి. కొట్టడం, కులం పేరెత్తి తిట్టడం వద్దు. విద్యా హక్కు చట్టం 2009, సెక్షన్ 17 ప్రకారం పిల్లల్ని కొట్టడం, మానసికంగా వేధించడం నిషేధం. కులం పేరుతో అవమానిస్తే అట్రాసిటీ చట్టం ఉంది. ఇది బెదిరింపు కాదు, దేశం రాసుకున్న నియమం. పిలకాయల్ని నియమం పాటించమనే వాళ్లు ముందు తాము పాటించాలి.

నాలుగు. కెప్టెన్‌ని జట్టు ఎన్నుకోవాలి, కొన్నాళ్లకి మార్చాలి. బాగా ఆడేవాడే కెప్టెన్ కావాలని లేదు. అందరూ మాట వినే పాప, నెమ్మదిగా మాట్లాడే అబ్బాయి కూడా జట్టుని నడపగలరు.

అయిదు. సార్ కూడా టైముకి రావాలి. ఈ ఒక్కటి జరిగితే మిగతా నాలుగూ సగం వాటంతటవే జరుగుతాయి.

మన సంఘాలకి ఒక మాట

ఉద్యమంలో ఉన్న మనం కూడా అద్దంలో చూసుకోవాలి. బిడ్డకి అన్యాయం జరిగితే ధర్నాకి పోతాం, మంచిదే. బిడ్డ తప్పు చేసినా "మా వాడిని ఏమీ అనొద్దు" అని గ్రౌండ్ మీదికి పోతే అది వాడికి మేలు కాదు. మన పిలకాయలకి తక్కువ నియమాలు సరిపోతాయి అనుకోవడం కూడా మన వాళ్లని తక్కువ చేసి చూడడమే. అందరికీ ఉండే నియమం మనకీ ఉండాలి. అందరికీ దొరికే కోచింగ్ మనకీ దొరకాలి. రెండోది ఇవ్వకుండా మొదటిది అడిగే వాళ్లతోనే మన కొట్లాట.

ఆ కొట్లాటలో అడగాల్సినవి ఇవి. గిరిజన గురుకులాల్లో, ఏకలవ్య స్కూళ్లలో హాకీ తెలిసిన కోచ్‌ని పెట్టాలి. పీఈటీ చేతికి పది ఆటలు ఇచ్చి పొమ్మనొద్దు. గోల్ కీపర్ కిట్టు, షిన్ గార్డులు లేకుండా పిలకాయల్ని బంతి ముందు నిలబెట్టొద్దు. ప్రాక్టీస్ తర్వాత గుడ్డు, పాలు ఇవ్వాలి. జిల్లాలో ఒక్క టర్ఫ్ అయినా గిరిజన పిలకాయలకి వారంలో కొన్ని గంటలు కేటాయించాలి. టోర్నీకి పోవాలంటే ఆధార్, పుట్టిన తేదీ సర్టిఫికెట్ అడుగుతారు. కాలనీలో పుట్టిన బిడ్డకి ఆ కాగితాలు లేక ఆట ఆగిపోతే అది రెవెన్యూ ఆఫీసు తప్పు. అక్కడే క్యాంపు పెట్టి ఇప్పించాలి.

ఇవి లేకుండా మన పిలకాయల క్రమశిక్షణ గురించి ఎవరు మాట్లాడినా, సార్, ముందు మీరు చెయ్యాల్సిన పని ఎంతవరకు వచ్చిందని అడగండి.

హాజరీకి పలికి పలికి మన తాతల గొంతు ఎండిపోయింది. వాళ్ల మనవలూ మనవరాళ్లూ గ్రౌండ్లో ఒకరి పేరు ఒకరు పిలుచుకుంటూ బంతి అందించుకోవాలి. దాన్నే మనం క్రమశిక్షణ అందాం.

జోహార్ జైపాల్ సింగ్ ముండా!
జై ఆదివాసీ!